రేపటికల్లా తగ్గాలి

నిమ్మచెక్క మీద పంచదార అద్దుకుని, మాడిన గిన్నె తోమినట్టు మొహం తోముకుంది పెళ్లికూతురి తల్లి.

తెల్లారేసరికి మొహం కందగడ్డ అయింది.

చర్మ వైద్యుడి గది ముందు కూర్చుంటే, పక్క కుర్చీలో ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏం పెట్టారండీ మొహానికి?"

అడిగినావిడ కళ్ల చుట్టూ బోలెడు ముడతలు. అయినా మొహం తేటగా, చూడముచ్చటగా ఉంది.

సంగతంతా విని నొచ్చుకుంది.

"అయ్యో! ఈ వయసులో చర్మాన్ని బుజ్జగించాలి గానీ, ఇలా తోమేస్తే ఎలా? గోరువెచ్చటి నీళ్లతో కడుక్కోండి. తడి పూర్తిగా ఆరకముందే కాస్త క్రీము రాయండి. ఎండలోకెళ్తే సన్‌స్క్రీన్, గొడుగు. నేను చేసేది అంతే."

"మరి ఇక్కడికెందుకొచ్చారు?"

"పుట్టుమచ్చలు చూపించుకోవడానికి. ఏటా వస్తాను, అదో అలవాటు."

"నాకు అలవాట్లు చేసుకునేంత టైం లేదండీ. రేపే కాబోయే వియ్యపురాలు వస్తోంది. పిల్లలు వాళ్లకి వాళ్లే ఇష్టపడ్డారు, మేమింకా ఒకరినొకరు చూసుకోలేదు. ఆవిడ పక్కన నిలబడితే ఆవిడకి అమ్మలా ఉంటానేమోనని నా భయం!"

ఫోన్‌లో కూతురు పంపిన ఫోటో తీసి చూపించింది.

"చూడండి, ఒక్క గీతైనా ఉందా? ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టి ఉండదు. మా పిల్ల ఆవిడతో ఎలా వేగుతుందో!"

పక్కావిడ కళ్లజోడు సవరించుకుని ఫోటో చూసింది. చూసి, నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది.

"అద్దం ముందు నుంచి లేవదంటారా?"

"లేస్తే ఒట్టు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మొహం మండుతున్నా పెళ్లికూతురి తల్లికి ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు కూడా ఆవిడ చెప్పిందే చెప్పి, మంటకి మందు రాశాడు. బయటికొచ్చేసరికి ఆవిడ లేదు. పేరైనా అడగలేదే అని బాధపడింది.

మర్నాడు ఎరుపు సగమే తగ్గింది. తలుపు చప్పుడైతే, ఉన్న మొహంతోనే వెళ్లి తీసింది.

గుమ్మంలో నిన్నటావిడ!

"మీరా! ఇల్లెలా కనుక్కున్నారండీ? రండి రండి, మీరు పక్కనుంటే నాకు కొండంత ధైర్యం. ఆ మహాతల్లి ఏ క్షణంలోనైనా దిగుతుంది!"

"దిగింది వదినగారూ," అంది ఆవిడ చెప్పులు విడుస్తూ. "నా ముడతలన్నీ మా అబ్బాయి ఫోన్‌లో చెరిపేశాడు, మీరు తిట్టింది ఆ ఫోటోలో ఆవిడని, నన్ను కాదులెండి!"