పనికిరాని పచ్చ మొలకలు

వదిన గింజల్ని మరిది దొంగిలించడం ఇది మూడో ఏడు. అందుకని ఇప్పుడు అటూ ఇటూ చూడటం కూడా మానేశాడు.

ఏటా జరిగే మొక్కల పోటీలో కప్పు వదినదే. తెల్లచారల ఆకుల మొక్కలు తెచ్చి పెడుతుంది, కప్పు పట్టుకెళుతుంది. దర్జీ పని చేసే మరిది ఆ కప్పు కోసం కుట్టుమిషను పక్కన గూట్లో చోటు కూడా ఖాళీ చేసి పెట్టుకున్నాడు. అందులో ఇంతవరకు దుమ్మే చేరింది.

రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వదిన దాని మీద పళ్లెంలో గింజలు ఎండబెట్టి, హాయిగా కునుకు తీస్తుంది. మూత లేదు, కాపలా లేదు. ఇంత తెలివితక్కువ మనిషికి కప్పులిచ్చేవాళ్లను తలచుకుంటే మరిదికి జాలేసింది. గుప్పెడు గింజలు ఆయన గుండీల డబ్బాలోకి చేరాయి.

"వదినా, ఈసారి కూడా గింజలు వేస్తున్నారా?" సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"నా మొహం. నడుం వంగితేగా," అంది వదిన.

అబద్ధానికైనా హద్దుండాలి అనుకున్నాడు మరిది.

ఇక చూడాలి ఆయన సేవ. మేడ మీద కుండీలు, జల్లించిన మట్టి, పూటపూటా నీళ్లు. ఎండ ముదిరితే, ఎవరో కుట్టమని ఇచ్చిన తెరల గుడ్డ మొలకలకి పందిరైంది. కన్నపిల్లలకి కూడా ఇంత చాకిరీ చెయ్యలేదని భార్య దెప్పింది.

మొలకలు వచ్చాయి. ఎప్పట్లాగే చాలావరకు పచ్చవి, చారన్నదే లేదు. కొన్ని మాత్రం పాలలా తెల్లగా ఉన్నాయి. చారలకే కప్పు ఇస్తే, ఒళ్లంతా తెలుపుకి ఇంకేమివ్వాలి? పోయినేళ్ల తెల్లవి నీళ్లెక్కువై చచ్చాయని ఆయన గట్టి నమ్మకం. ఈసారి చుక్కలు లెక్కపెట్టి పోశాడు.

"మరి ఇవి?" భార్య పచ్చవాటిని చూపించింది.

"దండగ సరుకు."

అన్నీ పీకి, గోడ అవతల వదిన వేసుకున్న ఎరువుకుప్ప మీదికి విసిరేశాడు. ఏటా అదో తృప్తి ఆయనకి.

వారం తిరక్కుండా తెల్లవి కూడా వాలి, వడిలి, మట్టిలో కలిసిపోయాయి.

పోటీ రోజున మరిది ఉత్తచేతులతో వెళ్లాడు. వదిన బల్ల మీద వరసగా లేత మొక్కలు, ఆకు ఆకుకీ తెల్లచారలు. కప్పు పక్కనే ఉంది. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇవన్నీ ఎక్కడివి వదినా? నడుం వంగదన్నారుగా."

"వంగదు నాయనా. నేను గింజ నాటడం మానేసి మూడేళ్లయింది." వదిన ఓ ఆకు మీది దుమ్ము తుడిచింది. "తెల్లవి ఎలాగూ బతకవు. ఒంట్లో పచ్చదనం లేని మొక్కకి తిండెక్కడిది? చారలొచ్చేది పచ్చవాటికే, నాలుగైదు ఆకులు వేశాక."

మరిది వంగి ఆ మొక్కల్ని దగ్గరగా చూశాడు.

"వచ్చే ఏడూ పళ్లెం గోడ మీదే పెడతాను," అంది వదిన. "నా కుప్ప మీదికి విసిరేటప్పుడు మాత్రం, మొక్కల వేర్లు తెగకుండా కాస్త చూసి విసురు."