కుంటలో ప్రాణం

“పొడవుగా, నల్లగా ఏవో కదులుతున్నాయమ్మా. జెర్రులా ఏంటి?” అన్నాడు ఆఫీసరు, మైక్రోస్కోపుకి కన్ను ఆనించి.

“అవి మీ రెప్పల వెంట్రుకలు సార్. కన్ను కాస్త వెనక్కి తీసి చూడండి,” అంది ల్యాబ్ అమ్మాయి.

వెనక్కి తీశాడు. ఊరి చివరి కుంట నుంచి తెచ్చిన ఒక్క నీటిచుక్కలో బస్టాండంత సందడి. చెప్పు అడుగు ఆకారంలో ఉన్న పారమీషియం ఒకటి గిరగిరా తిరుగుతూ పోతోంది. అమీబా ఒకటి ఎటు వెళ్లాలో తేల్చుకోలేక అన్ని వైపులా చేతులు చాపుతోంది. దాన్ని చూస్తే ఆఫీసరుకి తన పైఅధికారి గుర్తొచ్చాడు.

ఆఫీసరు ముఖం మాడిపోయింది. కుంటలో ప్రాణం ఉందని పరీక్షలో తేలితే రూలు ప్రకారం పూడ్చకూడదు. పోయిందని తేలితే పూడ్చుకోవచ్చు. కుంట చుట్టూ స్థలమంతా కొన్న బిల్డరు ఇంకాసేపట్లో వస్తున్నాడు. ఆయన ఒక్క మాట చెబితే ఆఫీసరుకి ప్రమోషన్, ఇంకో మాట చెబితే బదిలీ. పాపం, ఆయన ఇంతవరకూ ఏమీ అడగలేదు. కానీ అడిగించుకునేదాకా ఆగడం ఆఫీసరు ఇంటావంటా లేదు.

“ఒక్క కణం ఉన్నదాన్ని కూడా ప్రాణి అంటారా?” అన్నాడు.

“తింటుంది, తిరుగుతుంది, ఒకటి రెండవుతుంది. ఇంకేం చేయాలి సార్ అది?”

ఆఫీసరు బాత్రూం కడిగే బ్లీచింగ్ పౌడరు తెప్పించి కుంట నీళ్ల సీసాలో గుప్పెడు, స్లైడు మీద చిటికెడు వేశాడు. సందడంతా అణిగిపోయింది. అమ్మాయికి ఒళ్లు మండింది. పొద్దున తను కుంటలో మోకాలి లోతు దిగి తెచ్చిన నీళ్లవి. ఉద్యోగం గుర్తొచ్చి సీసాకి మూత పెట్టింది.

బిల్డరు రాగానే ఆఫీసరు ఎదురెళ్లి శుభవార్త చెప్పాడు. కుంట పూర్తిగా చచ్చిపోయిందనీ, రేపే పూడ్చుకోవచ్చనీ.

బిల్డరు కుర్చీలో కూలబడ్డాడు. “నా కొంప ముంచారు కదండీ. ప్రతి కిటికీలోంచీ కుంట కనబడుతుందని చెప్పి ఫ్లాట్లన్నీ అమ్మేశాను. చచ్చిన కుంటని చూస్తూ ఎవరుంటారు? మీ పైవాళ్లతో మాట్లాడాల్సిందే.”

ఆఫీసరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. పొరపాటున వేరే నీళ్లు చూశామనీ, కుంట నిక్షేపంలా బతికే ఉందనీ గొణిగాడు. అయితే కళ్లారా చూస్తేగానీ కదలనన్నాడు బిల్డరు.

చూపించడానికేముంది, సీసాలోనూ, స్లైడు మీదా బ్లీచింగే. బిల్డరు వెళ్లి మైక్రోస్కోపు మీద వంగి, కన్ను గట్టిగా ఆనించాడు.

“ఉన్నాయండోయ్,” అన్నాడు. “పొడవుగా, నల్లగా ఏవో కదులుతున్నాయి. ఇవేనా, ఇంకా ఉన్నాయా?”

ఆఫీసరు నోరు తెరిచేలోగా ల్యాబ్ అమ్మాయి ముందుకొచ్చి, ఎంతో వినయంగా అంది:

“బోలెడున్నాయి సార్. అలాగే రెప్పలు ఆర్పుతూ చూడండి.”