పెద్దోడి బడి పంచాయితీ

"నా కొడుకు వీధి చివర సర్కారు బడికే పోతడు. ఆ ప్రైవేటు బడికి చచ్చినా పంప" అన్నాడు శశికాంత్.

"మీ కొడుకేనా? నా కొడుకు కాదా?" అంది మీనాక్షి.

ఇద్దరూ బాల్కనీలో నిలబడ్డారు. లోపల హాల్లో రెండు వైపుల పెద్దలూ కాఫీ తాగుతున్నారు. "మీరిద్దరే మాట్లాడుకొని తేల్చుకోండ్రి" అని వాళ్లని బయటికి తోశాడు మీనాక్షి చిన్నాన్న భాస్కర్ రావు. జర్మనీలో, హైడెల్‌బర్గ్‌లో ఆ ఇల్లు ఆయనదే. ఎందుకు తోశానురా దేవుడా అని ఈపాటికి తల పట్టుకుని ఉంటాడు.

"ఒకటో తరగతిల ఊలు అల్లిక నేర్పుతరంట ఆ బడిల. మేకలకు మేత ఏపిస్తరంట. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. వాడు స్వెటర్లు అమ్ముకొని బతకాల్నా?"

"మీ సర్కారు బడిల నాలుగో తరగతికే తేల్చేస్తరు, వీడు యూనివర్సిటీకి పనికొస్తడా రాడా అని. ముక్కు తుడుసుకుడు రానోడికి అప్పుడే జాతకమా?"

"మావోడు పనికొస్తడు!" శశికాంత్‌కు రోషం పొడుచుకొచ్చింది.

చూడండి, ఇద్దరూ బ్లూ కార్డు వీసా మీద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లే. ఇంత గొడవలోనూ 'మీరు' దాటి కిందికి రాలేదు, అంత మర్యాదస్తులు. బడి మాటెత్తితే మాత్రం కుళాయి దగ్గర బిందెల తగాదా.

"మొన్న సర్కారు బడి గేటు కాడ నిలబడి అంతా చూసొచ్చిన" అన్నాడు శశికాంత్. "టీచరమ్మ వచ్చి, మీ పిల్లగాడు ఎవరని అడిగింది."

"ఏం జెప్పిన్రు?"

"ఏం జెప్త? బస్సొచ్చిందని ఉరికిన."

మీనాక్షికి నవ్వొచ్చింది. బలవంతాన ఆపుకుంది.

"ఆ బడి కోసమే ఆ వీధిల ఇల్లు తీసుకున్న. కిరాయి కట్టినప్పుడల్ల పానం పోతది."

"తీసుకునే ముందు నన్నడిగిన్రా?"

"అప్పుడు మిమ్మల్నెట్ల అడుగుత?"

మీనాక్షి ముఖం తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి మంచివాడే. నవ్వితే ముచ్చటగా ఉంటాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోను చూసుకోడు. కానీ ఈ ఒక్కటీ తేలకపోతే లోపలికెళ్లి, మా ఇద్దరికీ కుదరదని పెద్దవాళ్లకు చెప్పెయ్యాల్సిందే. ఆ మాట అనడానికి ఆమెకు నోరు రావడం లేదు.

శశికాంత్ ఆ కన్నీళ్లు చూశాడు. బడి పోతే పోయింది, ఈమె పోతే ఎట్లా అనుకున్నాడు.

"ఏడ్వకుండ్రి జర. పెద్దోణ్ణి మీ బడికే పంపుదాం. ఊలే అల్లుతడో, మేకలే కాస్తడో, వాడిష్టం."

"నిజంగ?"

"నిజంగ. కానీ చిన్నది నా బడికే."

మీనాక్షి కళ్లు తుడుచుకుంది.

"సరే. అది నా లెక్కనే మొండిది. దానికి సర్కారు బడే కరెక్టు."

ఇద్దరూ హమ్మయ్య అనుకుని నవ్వుకున్నారు. ఇక ఆగలేక భాస్కర్ రావు లోపల్నుంచి తల బయట పెట్టాడు.

"ఏం బిడ్డా, పెళ్లిచూపులల్ల ఇంతసేపా, ఇంతకూ అబ్బాయి నచ్చిండా లేదా?"