నాలుగు చుక్కలు

"ఏరా లిన్హార్ట్, మీ కొట్లో నాలుగు చుక్కల అచ్చుల్ని ఎలుకలెత్తుకుపోయాయా?"

ఎండ్రెస్ వస్తూనే పుస్తకాన్ని బల్ల మీద విసిరాడు. లిన్హార్ట్ అచ్చేసిన, సిరా వాసన ఇంకా పోని ల్యూట్ పాఠాలు. వీపు మీద వీణలాంటి ఆ తీగల వాద్యం, ల్యూట్, వేలాడుతోంది, ఎడమచెయ్యి మాత్రం పైకోటులో ఉంది. చలికాలంలో బండిచక్రం కింద పడిన దగ్గర్నుంచీ ఆరోజు కట్టు కట్టిన లిన్హార్ట్‌కి తప్ప ఆ చేతిని ఎవరికీ చూపించడు, ల్యూట్ వాయించడు.

లిన్హార్ట్ భార్య ఉర్సుల పొయ్యి దగ్గర్నుంచి గబగబా వచ్చింది. తమ పెళ్లిలో వాయించిన మనిషి, ఇవాళ మధ్యాహ్నం ఆ ల్యూట్‌ని అమ్మేస్తున్నాడు. ఎలాగైనా ఆపుదామనుకుంటే, ఇప్పుడీ గొడవొకటి!

"కూర్చో అన్నయ్యా, వేడిగా బీరు చారు పోస్తా."

"చారు తర్వాతమ్మా! ఇటు చూడు. స్వరాన్ని చెప్పే అక్షరం మీద ఒక చుక్కుంటే చూపుడువేలు, రెండుంటే నడిమివేలు. తీగ మీద ఏ వేలు పెట్టాలో ఈ చుక్కలేగా చెప్పాలి? పుస్తకమంతా తిరగేశా. నాలుగు చుక్కలు ఒక్కచోటా లేవు! మీ ఆయనకి లెక్క మూడు దాకానే వచ్చా?"

ఉర్సుల మొగుడి మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, చలికాలమంతా తిండి మానేసి చేసిన నిర్వాకం ఇదా? న్యూరెంబర్గ్ అంతా నవ్వదూ!"

లిన్హార్ట్ తాపీగా చేతుల సిరా తుడుచుకున్నాడు. "నోటితో అంటే ఒప్పుకోను. వాయించు. నాలుగు చుక్కలు ఎక్కడ కావాలో అక్కడ ఆగు. ఆ పేజీ చించేస్తా."

"నేను మానేశానని తెలిసే అంటున్నావా?"

"తెలుసు. నా తప్పు చూపించడానికైనా వాయించు."

రోషమొచ్చింది ఎండ్రెస్‌కి. ల్యూట్ ఒళ్లోకి లాక్కున్నాడు. మొదట వేళ్లు తడబడ్డాయి. తర్వాత తీగలు మాట విన్నాయి. అవతల అచ్చుయంత్రం చప్పుడు ఆగిపోయింది. పాట మాత్రం ఎక్కడా ఆగలేదు.

"ఆగలేదేం అన్నయ్యా?" అంది ఉర్సుల.

ఎండ్రెస్ తన చేతికేసి చూసుకున్నాడు. తర్వాత లిన్హార్ట్‌కేసి చూశాడు. కళ్లు నిండిపోయాయి.

"ఒరేయ్... నీకెలా చెప్పనురా..."

"ఏమీ చెప్పకు. మా పెళ్లికి జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా వచ్చి వాయించావు, నేనేమన్నా చెప్పానా?"

ఎండ్రెస్ ముక్కు చీదాడు. "అమ్మా, ఆ కొనేవాడొస్తే ల్యూట్ అమ్మకానికి లేదని చెప్పు. చారు పొయ్యి."

గిన్నె అందిస్తూ ఉర్సుల అప్పుడు చూసింది, తీగల మీద ఇంకా అలాగే ఉన్న ఎడమచేతిని.

దానికి చిటికెనవేలు లేదు.