అమ్మ వేసిన ఒట్టు

“అన్నా, మన రమ్య పెద్దమనిషైంది. ఇయ్యాల పొద్దుగాల్లనే.”

తల్లి ఫోనులో చెబుతున్న మాట విని రమ్య బాత్‌రూమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. నోట్లో బ్రష్షు అలాగే ఉంది.

శకుంతల ఒట్టు వేసి ఇంకా ఇరవై రోజులు కాలేదు. హనుమకొండలో డాక్టరు శోభారాణి దగ్గర్నుంచి వస్తూ, ఆటోలో, కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ వేసింది. “ఎవ్వలకు చెప్ప బిడ్డా. మీ బాపుకు గూడ చెప్ప. ఫంక్షన్ మాటే ఎత్త.” రమ్య అడిగింది ఆ ఒక్కటే.

పదహారేళ్లు నిండినా పిల్ల పెద్దమనిషి కాలేదని చుట్టాలు గుసగుసలాడుతుంటే ఆగలేక వెళ్లారు ఆ దవాఖానకు. శోభారాణి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. మెదడు పంపాల్సిన కబురు పంపుతోంది, అండాశయాలు హార్మోన్లు తయారు చేస్తున్నాయి, అందుకే ఒళ్లు వయసుకు తగ్గట్టే ఎదిగింది. రక్తపరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంకా చాలా చెప్పింది. రమ్య బుద్ధిగా విన్నది. శకుంతల సగం విని లేచింది.

ఇప్పుడు ఫోను పెట్టేసి, చాప తెచ్చి మూలన పరిచింది.

“ఒట్టేసినవు గదనే అమ్మా.”

“ఏసిన. అయితేంది? ఊరోళ్ల నోరు మూయించాల్నా వద్దా?”

“నాకిష్టం లేదు.”

“నీ ఇష్టం ఎవలడిగిండ్లు? కూసో. పదకొండు దినాలు. ఎవలన్న అడిగితే నడుము నొస్తాందని చెప్పు.”

రమ్య కూర్చుంది. తండ్రి పాండురంగం స్టీలు సామాన్ల దుకాణానికి పోతూ గుమ్మంలోంచి తొంగి చూశాడు. చేతిలోని జిలేబీ పొట్లం గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి రమ్యకు ఏడుపొచ్చింది. వాడకట్టు ఆడవాళ్లు నువ్వులు, బెల్లం దంచి తెచ్చి నోట్లో కుక్కారు. నొప్పుందా అని ఒకావిడ, ఎంత నొప్పని ఇంకొకావిడ. రమ్య అందరికీ ఒకేలా తల ఊపింది. పరాయివాళ్లు మాట తప్పితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. అమ్మే తప్పితే ఎవరికి చెప్పుకోవాలి?

మూడో రోజు బట్టలుతికే మొగిలమ్మ వచ్చింది. మొదటి రోజు పిల్ల ఒంటి మీద ఉన్న బట్టలు ఆమెకు ఇవ్వడం ఆనవాయితీ.

“ఇవి ఉతికి ఇచ్చినవేందమ్మా? ఉతుకుడు నా పని గదా.”

“పోనియ్యే. నీకు చీర గూడ పెడతాన.”

కొత్త చీర చేతిలో పడేసరికి మొగిలమ్మ ఇంకేమీ అడగలేదు.

పదకొండో రోజు ఫంక్షన్ హాలు ముందు రమ్య ఫ్లెక్సీ తలుపంత ఎత్తున లేచింది. పాలకుర్తి నుంచి మేనమామ రాజమౌళి చుట్టాలందరినీ డీసీఎం వ్యానులో ఎక్కించుకొని దిగాడు. వెంట ఇరవై ఒక్క పళ్లేలు. ఆయన భార్య ప్రేమలత తనే దగ్గరుండి పట్టుచీర కట్టింది.

“తిన్నవా బిడ్డా? మొఖం గిట్ల వాడిందేంది?”

పదకొండు రోజుల్లో తిన్నావా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రేమలత రమ్యను కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, అందరూ వినేలా అంది.

“వదినె, మా పవన్‌ది ఇంజినీరింగ్ కానీ. దీని డిగ్రీ కానీ. నా కోడలు మాత్రం ఇదే. మాకు వాడొక్కడే. ఇద్దరు మనుమలనియ్యుండ్రి చాలు, వాళ్లను సాదుడు నా జిమ్మ.”

“నీ నోట్ల చక్కెర పొయ్య వదినె,” అంది శకుంతల. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేత్తో కూతురి భుజం నొక్కింది. గోళ్లు దిగేంత గట్టిగా.

ప్రేమలత తన వేలి ఉంగరం తీసి రమ్య వేలికి తొడిగింది. అది వదులుగా ఉంది. దారం చుట్టుకుంటే సరిపోతుందిలే అని నవ్వింది.

ఇన్నాళ్లూ మోసపోయింది తానొక్కతే అనుకుంది రమ్య, ఇప్పుడు అత్త కూడా. భుజం మీది చెయ్యి తీసేసింది. ఉంగరం ఊడదీసి అత్త అరచేతిలో పెట్టి, ఆ గుప్పిట మూసింది.

“అత్తమ్మా, నాకు పుట్టుకతోనే గర్భసంచి లేదట, నెలసరి ఒక్కనాడు గూడ రాలే, ఇగ రాదు.”