ఐదో గదికి మాత్రం రాలేదు

మూడో గదికీ వచ్చేసింది.

రిపోర్టు చూసి పెద్ద డాక్టరు తల పట్టుకున్నాడు. మూలకణాలు ఎక్కించుకున్నవాళ్ళ వార్డు అది. ఏడు గదులు, ఏడుగురు పేషెంట్లు. రోగాన్ని ఎదిరించే శక్తి ఏడుగురి ఒంట్లోనూ సున్నా. మామూలు మనుషుల్లో కిక్కురుమనకుండా పడి ఉండే ఒక వైరస్, వీళ్ళ మూత్రాశయాల్లో చేరి నెత్తురు పోయిస్తోంది. చేతుల మీదుగా, మూత్రం పట్టే మగ్గుల మీదుగా గది నుంచి గదికి పాకుతోంది.

"ఎవరో మోస్తున్నారు," అన్నాడు డాక్టరు.

అందరూ ఆయా వైపు చూశారు. ఆయా తన చేతుల వైపు చూసుకుంది. సాయంత్రానికల్లా ఆమెను కళ్ళ వార్డుకి మార్చేశారు.

ఐదో గదికి మాత్రం ఏమీ కాలేదు. అందులో ఉన్నది రిటైరైన బస్సు డ్రైవరు. తోడుగా ఆయన భార్య. వార్డంతా ఆవిణ్ణి సబ్బు పిన్ని అంటారు. భర్త మగ్గుని ఆయాని కూడా తాకనిచ్చేది కాదు. తనే కొలిచి, గోడమీది కాగితంలో రాసి, తనే పారబోసి, తనే కడిగేది. సబ్బు ముందు అరుగుతుందా, పిన్ని చేతులు ముందు అరుగుతాయా అని నర్సుల వేళాకోళం.

డ్రైవరుగారిది ఒకటే గోల. "ఇంటికెప్పుడు పంపిస్తారు?"

"మూడు సోమవారాలు వరసగా మూత్రపరీక్ష క్లీన్‌గా వస్తే మర్నాడే పంపిస్తాం," అన్నాడు డాక్టరు.

"ఒకటి చెడితే?"

"మందులు పెట్టి ఇక్కడే ఉంచుతాం. మళ్ళీ మొదటి నుంచి మొదలు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గదిలోకొచ్చి డెబ్బై రెండు రోజులైంది.

"ఇక నా వల్ల కాదే," డాక్టరు వెళ్ళాక భార్యతో అన్నాడు. "పోతే మనింట్లోనే పోతాను."

పిన్నికి ఏడుపొచ్చింది. ఏడ్చింది. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కుంది.

మొదటి సోమవారం క్లీన్. రెండో సోమవారమూ క్లీన్. ఈలోగా రెండో గదీ, ఏడో గదీ పడిపోయాయి.

డాక్టరు పిన్నిని పిలిపించాడు. "అమ్మా, మీ గదికి రాలేదంటే అంతా మీ చలవే. మీరు చేసేదేదో మిగతావాళ్ళకి కూడా కాస్త చూపించండి."

"నాకేం తెలుసు బాబూ! ఆయన్ని వదిలి నేనెక్కడికీ రాలేను."

"అరగంట చాలమ్మా."

మరీ బతిమాలితే కాదనలేకపోయింది. గది గదికీ వెళ్ళింది. అక్కడి మగ్గు చేత్తో పట్టుకుని అంచు ఎలా రుద్దాలో, అడుగు ఎలా తోమాలో చూపించింది. ఒకటో గది పేషెంటు అక్కయ్య అవన్నీ పుస్తకంలో రాసుకుంది. రెండు మూడు సందేహాలు కూడా అడిగింది.

నాలుగు రోజులు తిరక్కుండా ఒకటో గదికీ వచ్చింది.

"సరిగ్గా విని ఉండరు," అంది పెద్ద సిస్టరు.

మూడో సోమవారం పొద్దున్నే ఆ సిస్టరే డ్రైవరుగారి పేరు రాసిన సీసా తెచ్చి పిన్ని చేతికిచ్చింది.

"ఇదే ఆఖరిది పిన్నీ. రేపు మీరు వెళ్ళిపోతే మాకు దిక్కెవరు?"

"అదేం మాట తల్లీ! అందరూ చల్లగా ఉండాలి."

సిస్టరు వెళ్ళిపోయింది. మంచం మీంచి ఆయన నీరసంగా అడిగాడు.

"ఇవాళ కూడా బాగానే వస్తుంది కదే?"

"వస్తుంది. మీరు కాసేపు కళ్ళు మూసుకోండి."

ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, మగ్గులో ఆయన పోసిన నెత్తుటి మూత్రాన్ని పారబోసి, కిందటి రెండు సోమవారాల్లాగే, ఆయన పేరున్న సీసాలో తన మూత్రం పట్టి మూత బిగించింది.