దొరగారి ఇంగ్లీషు వీధి

"పెళ్ళి చేయించే ఫాదరు రక్తపోటు మాత్ర ఊసు ఎందుకెత్తుతాడోయ్?" అన్నాడు చదరంగం స్నేహితుడు, గుర్రాన్ని గాల్లోనే పట్టుకుని.

"అదే నాకూ అంతుబట్టడం లేదు," అన్నారు దొరగారు. "పెళ్ళికొడుకు ఎదురుగా ఉన్నాడు. ఫాదరు పుస్తకం తెరిచి, 'ఆ మాత్ర పొద్దున్నే వేసుకోవాలి, గుర్తొచ్చినప్పుడు కాదు' అన్నాడు. టీవీలో కింద అక్షరాల్లో స్పష్టంగా పడింది."

"నేనూ చూశాను. ఉంగరం తెచ్చావా అని అడిగాడు, అంతే."

దొరగారు అసలు దొర కాదు. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయిన మనిషి. ఇంగ్లాండు మొహం చూడలేదు, ఇంగ్లీషు పది ముక్కలు రావు. అయినా రోజూ నాలుగింటికి టీవీలో వచ్చే ఇంగ్లీషు సీరియలంటే ప్రాణం. అందులో ఒక వీధి, వీధి మలుపులో ఒక పబ్బు, దాన్ని నడిపే పెద్దావిడ, ఆవిడ చుట్టూ ఓ పదిమంది. ఎప్పుడు చూసినా వాన. మాటలన్నీ కింద మన భాషలో పడుతుంటే ఎనిమిదేళ్ళుగా చదువుకుంటూ, ఆయన ఆ వీధిలో కాపురం పెట్టినంత పని చేశారు. మండుటెండలో గొడుగు పట్టుకెళ్తారు. పాల బూత్ దగ్గర తనొక్కరే ఉన్నా క్యూలో ఉన్నట్టే నిలబడతారు. కరెంటు స్తంభం తగిలితే దానికి సారీ చెప్తారు. వీధివాళ్ళు వెక్కిరింపుగా దొరగారని పేరు పెడితే, ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నారు.

"నువ్వు విన్నావు, నేను చదివాను. అచ్చులో పడ్డదానికే విలువ," అన్నారు.

"ఓడల ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళతో వేగాను. నాకు వినడం రాదా? ఆ కింద రాతలు నేను చూడనే చూడను."

ఆట తేలలేదు, మాటా తేలలేదు. దొరగారు ఇంటికి బయల్దేరారు. మూడో అంతస్తు చేరేలోపు రెండుచోట్ల ఆగి గుండె మీద చెయ్యేసుకున్నారు. తలుపు తీసిన భార్య ఆయన ఆయాసం చూసి, "డాక్టరు పరీక్షలు రాసిచ్చి రెండు నెలలైందండీ," అంది. "ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆయన మొహం మీదే చెప్పాడు."

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

ఆయన ఒకసారి కాదన్నారంటే ఇక బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా అంతే. రెండేళ్ళ క్రితం కూతురు బ్యాంకు ఉద్యోగం మానేసి, ఇంట్లోంచి చేసుకునే వేరే పనేదో పట్టుకుంది. అదేం పనో కూడా అడగకుండా మాట్లాడ్డం మానేశారు. ఆ పిల్ల ఫోను మోగితే తీయరు, ఇంట్లో ఆమె ఊసెత్తనివ్వరు.

సీరియల్లో తికమక మాత్రం రోజురోజుకీ ముదిరింది. మంగళవారం పోస్టుమాన్ వంగి కుక్క తల నిమురుతూ, 'ఉప్పు తగ్గించమన్నానా లేదా?' అన్నాడు. కుక్క తోకాడించింది. బుధవారం పబ్బు పెద్దావిడ బీరు గ్లాసు తుడుస్తూ, 'మూడో అంతస్తు ఎక్కేలోపు రెండుసార్లు ఆగుతున్నావు, అది వయసు కాదు, గుండె' అంది. ఆ వీధిలో మూడంతస్తుల మేడ ఒక్కటీ లేదని దొరగారికి బాగా తెలుసు.

మొదట్లో అదంతా ఇంగ్లీషువాళ్ళ హాస్యం అనుకున్నారు, వాళ్ళు ఏదీ సూటిగా చెప్పరు కదా అని సర్దుకున్నారు. బుధవారంతో ఆ ధీమా పోయింది. లేని అక్షరాలు కనబడుతున్నాయంటే చెడింది కళ్ళా, బుర్రా? ప్రూఫులు దిద్దినవాడికి అంతకన్నా భయం ఇంకోటి ఉండదు. భార్యను అడిగితే, "నేను చూడలేదండీ, పొయ్యి మీద పాలున్నాయి," అంది.

గురువారం స్నేహితుణ్ణి ఇంటికే పిలిచారు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పబ్బు పెద్దావిడ గుమ్మంలోకొచ్చి ఎవరికో చెయ్యి ఊపింది. కింద అక్షరాలు పడ్డాయి: 'నీ పంతం నీకు ముఖ్యం కావచ్చు, నాకు నువ్వు ముఖ్యం. రేపు పదింటికి ఆస్పత్రికి వెళ్ళు. నీ కాళ్ళు పట్టుకుంటాను.'

"ఏమంది?" అన్నారు దొరగారు.

"వాన వచ్చేలా ఉంది, గొడుగు మర్చిపోకు అంది."

"కింద చదువు."

"కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయిందోయ్." స్నేహితుడు ఆయన మొహంలోకి చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? ఏడుస్తున్నావా?"

అవును, ఏడుస్తున్నారు. మతి పోతోందని భయం ఒకపక్క. ముక్కూమొహం తెలియని మనిషి, ఎక్కడో వానలో నిలబడి తన కాళ్ళు పట్టుకుంటానందే అన్న బెంగ ఇంకోపక్క. ఇంతగా తనను బతిమాలినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరనిపించింది ఆయనకు. వంటింట్లో ఉన్న భార్య ఆ లెక్కలోకి రాలేదు.

స్నేహితుడు వెళ్ళాక ఆమెను పిలిచారు. "రేపు ఆస్పత్రికి పోదాం. గుండె చూపించుకుంటాను. పనిలో పనిగా తల కూడా."

"మంచిదండీ. పదింటికి పేరు రాయించాను."

ఎప్పుడు రాయించావని అడగాలని కూడా తోచలేదు ఆయనకు.

మర్నాడు దొరగారు నున్నగా గడ్డం గీసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టారు. "మీరు నడుస్తూ ఉండండి, తాళం వేసి వస్తాను," అంది భార్య. ఆయన అడుగుల చప్పుడు కింది అంతస్తు దాటేదాకా ఆగి, సంచిలోంచి ఫోను తీసింది.

"అమ్మాయీ, నాన్న బయల్దేరారు, ఇక ఆ ఇంగ్లీషువాళ్ళు అన్నదే కింద రాసుకో."